టీమక్స్ సమీక్ష: మీటలు మితంగా, రంగులు ధారాళంగా

టెర్మినల్‌లో రోజంతా పనిచేసేవారికి టీమక్స్ (tmux, ఒకే టెర్మినల్ తెరను భాగాలుగా విడదీసి, కనెక్షన్ తెగినా లోపలి పనిని నడవనిచ్చే ప్రోగ్రాం) కంటే ఉపయోగపడే ఉచిత సాధనం మరొకటి నాకు తెలియదు. అయితే దాన్ని ఇన్‌స్టాల్ చేసిన రోజు ఏ రూపంలో ఉందో అదే రూపంలో వాడుకొమ్మని మాత్రం నేను ఎవరికీ చెప్పను. వేళ్లకు అందని మీటలు, తెర అడుగున కళ్లకు కొట్టే ఆకుపచ్చ పట్టీ, ఏ భాగంలో టైపు చేస్తున్నామో తేటగా తెలియనివ్వని సన్నని గీతలు, ఈ మూడూ కలిసి కొత్తవారిని మొదటి గంటలోనే వెనక్కి పంపేస్తాయి. వాటిని మార్చుకోవడానికి టీమక్స్ ఇచ్చే స్వేచ్ఛ చాలా పెద్దది. ఆ స్వేచ్ఛను ఎక్కడ పూర్తిగా వాడుకోవాలి, ఎక్కడ చేయి వెనక్కి తీసుకోవాలి అన్నదే ఈ సమీక్షలో నేను పరిశీలించే విషయం. నా అభిప్రాయం ముందే చెబుతాను: రంగులను, పట్టీలను మీకు నచ్చినట్టు మార్చుకోండి, మీటలను మాత్రం తప్పనిసరి అనిపించినప్పుడే మార్చుకోండి.

నేను నెల్లూరులో ఉంటూ, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువుల్లో అమర్చిన సెన్సార్ల రీడింగులు వచ్చి చేరే సర్వర్లను చూసుకుంటాను. చెరువు నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. ఆ వేళలో హెచ్చరిక ఆలస్యమైతే రైతు నీటిలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు వేసేలోపే నష్టం జరిగిపోతుంది. కాబట్టి మా సర్వర్ల మీద నడిచే పని ఏ వేళా ఆగకూడదు. ఆ సర్వర్లు ముంబైలో ఒక డేటా సెంటర్‌లో ఉంటాయి, నేను ఇక్కడ ఇంటి నుంచి, దూరపు యంత్రంలోకి భద్రంగా వెళ్లే పద్ధతి అయిన ఎస్ఎస్‌హెచ్ ద్వారా వాటిలోకి వెళ్తాను. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు మన జిల్లాలో ఎలా ఉంటాయో తెలిసిందే. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజుల్లో కరెంటూ ఇంటర్నెట్టూ పోతూ వస్తూ ఉన్నా, సర్వర్‌లో టీమక్స్ సెషన్ లోపల మొదలుపెట్టిన డేటాబేస్ పని ఒక్కసారి కూడా తెగలేదు. లైను వచ్చిన ప్రతిసారీ తిరిగి అతుక్కుని, ఆపిన చోటి నుంచే చూసుకోగలిగాను. ఈ ఒక్క గుణం చాలు, టీమక్స్‌ను నేను వదలకపోవడానికి. రోజుకు పది గంటలు కళ్ల ముందు ఉండే సాధనం కనుక, అది చేతికి ఒదిగేలా, కంటికి ఇంపుగా ఉండాలని కోరుకోవడం కూడా అంతే న్యాయం.

టీమక్స్ పరిచయం లేనివారి కోసం కొద్దిగా చెప్పాలి. ఒకే పొలాన్ని గట్లు వేసి మడులుగా విడదీసినట్టు, ఇది ఒకే టెర్మినల్ తెరను పేన్లుగా విడదీస్తుంది. కొన్ని పేన్లు కలిస్తే ఒక విండో, కొన్ని విండోలు కలిస్తే ఒక సెషన్. నికొలస్ మారియట్ రాసిన ఈ ప్రోగ్రాం 2007లో వెలువడింది, 2009లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టం 4.6 వెర్షన్ మూల వ్యవస్థలోనే చేరిపోయింది. టీమక్స్ వెలువడడానికి ఇరవై ఏళ్ల ముందే, 1987లో, గ్నూ స్క్రీన్ అనే ప్రోగ్రాం ఇదే పని మొదలుపెట్టింది. టీమక్స్‌లో వెనుక ఒక సర్వర్ ప్రాసెస్ ఉంటుంది, మనం చూసే తెర దానికి క్లయింట్ మాత్రమే. తెర మూసినా సర్వర్ బతికే ఉంటుంది. మార్పులు చేసుకునేవారు దీనికంటే ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది మరొకటి ఉంది. టీమక్స్‌లో ప్రతి మీట వెనుకా ఒక ఆదేశం ఉంటుంది, ఆ ఆదేశాన్నే కమాండ్ లైను నుంచి ఇవ్వవచ్చు, కాన్ఫిగరేషన్ ఫైల్లో రాయవచ్చు, స్క్రిప్టులో పెట్టవచ్చు. ప్రిఫిక్స్ (ప్రతి ఆదేశానికీ ముందు నొక్కే మీట) నొక్కి ప్రశ్నార్థకం నొక్కితే మీటల జాబితా మొత్తం తెర మీదికి వస్తుంది. టీమక్స్ 3.1 వెర్షన్ నుంచి ఆ జాబితాలో ప్రతి మీట పక్కన అది చేసే పని ఒక వాక్యంలో కనిపిస్తుంది. మనం కట్టుకున్న, అంటే మనమే పని అప్పగించిన, మీటలకు కూడా అలాంటి వాక్యం రాసుకునే వీలుంది. ఇంత పద్ధతిగా ఉన్న మీటల ఏర్పాటు టెర్మినల్ సాధనాల్లో అరుదు.

ఇక మొదటి చిక్కు ప్రిఫిక్స్ మీట. టీమక్స్‌కు ఏది చెప్పాలన్నా ముందు కంట్రోల్-బి నొక్కాలి. ఎడమ చిటికెన వేలు కంట్రోల్ మీద పెట్టి, అదే చేతి చూపుడు వేలిని బి దాకా చాచడం రోజుకు వందలసార్లు చేస్తే మణికట్టుకు మంచిది కాదు. అందుకే చాలామంది స్క్రీన్‌లో ఉన్నట్టే కంట్రోల్-ఎ పెట్టుకుంటారు. దాని మూల్యం కూడా తెలిసి పెట్టుకోవాలి: బాష్‌లో (మనం టైపు చేసే ఆదేశాలను అందుకుని నడిపే షెల్ ప్రోగ్రాం) కంట్రోల్-ఎ నొక్కితే కర్సర్ వరుస మొదటికి వెళ్తుంది, ఆ అలవాటు ఉన్నవారికి అడుగడుగునా అడ్డుపడుతుంది. సెండ్-ప్రిఫిక్స్ ఆదేశాన్ని కంట్రోల్-ఎకే కట్టుకుంటే రెండుసార్లు నొక్కినప్పుడు అది షెల్‌కు చేరుతుంది. ఈ ఒక్క వరుస రాయకుండా ప్రిఫిక్స్ మార్చినవారే ఎక్కువగా విసిగిపోవడం నేను గమనించాను. కంట్రోల్-స్పేస్ మరో ప్రసిద్ధమైన ఎంపిక, బొటనవేలికి హాయిగా ఉంటుంది. కానీ తెలుగు టైపు చేసేవారికి నేను దాన్ని సిఫారసు చేయను. లినక్స్‌లో వేర్వేరు భాషలు టైపు చేయనిచ్చే ఐబస్‌లో భాష మార్చే మీటగా కంట్రోల్-స్పేస్ పెట్టుకున్నవారు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ఆ మీట టీమక్స్ దాకా రాకముందే మధ్యలో ఐబస్ దాన్ని అందుకుంటుంది. వేరే దేశపు ప్రోగ్రామర్ల కాన్ఫిగరేషన్‌ను యథాతథంగా దించుకుంటే ఇలాంటివే ఎదురవుతాయి.

నా ఏర్పాటు ఇది: ల్యాప్‌టాప్‌లో కంట్రోల్-ఎ, సర్వర్లలో ఉన్నది ఉన్నట్టుగా కంట్రోల్-బి. దీనికి రెండు కారణాలున్నాయి. ల్యాప్‌టాప్ టీమక్స్ లోపలి నుంచి సర్వర్ టీమక్స్‌లోకి వెళ్లినప్పుడు రెండు ప్రిఫిక్స్‌లు వేరుగా ఉంటే ఏ మీట ఎవరికి చేరుతుందో అన్న తికమక ఉండదు. రెండోది ఇంకా ముఖ్యమైనది. నేను వెళ్లే సర్వర్లన్నీ నావి కావు. ఒంగోలులో ఒక కార్యాలయం సర్వర్‌ను అర్ధరాత్రి సరిచేయవలసి వస్తే అక్కడ నా కాన్ఫిగరేషన్ ఫైలు ఉండదు. అక్కడ నా వేళ్లు మూల మీటలను మరచిపోయి ఉంటే పని నిలిచిపోతుంది. చిటికెన వేలి నొప్పికి అసలు మందు టీమక్స్‌లో లేదు, కీబోర్డు సెట్టింగుల్లో ఉంది: క్యాప్స్ లాక్‌ను కంట్రోల్‌గా మార్చుకుంటే ఏ సర్వర్‌కు వెళ్లినా ఆ సుఖం మన వెంటే వస్తుంది, టీమక్స్ మీట ఏదీ పోదు.

తెరను విడదీసే మీటల విషయంలో మాత్రం నేను మార్పునే సమర్థిస్తాను. మూల ఏర్పాటులో ప్రిఫిక్స్ తర్వాత శాతం గుర్తు నొక్కితే పక్కపక్కన, రెండు కొటేషన్ల గుర్తు నొక్కితే కిందా మీదా విడిపోతుంది. ఈ గుర్తులకూ ఆ పనులకూ కంటికి కనిపించే సంబంధమేదీ లేదు. నిలువు గీత నొక్కితే నిలువు గట్టు, హైఫన్ నొక్కితే అడ్డగట్టు పడేలా కట్టుకుంటే నేర్చుకోవలసిన అవసరమే ఉండదు, చూడగానే గుర్తుంటుంది. పాత మీటలను ఊడదీయకండి. రెండూ ఉండనివ్వండి, అప్పుడు పరాయి సర్వర్లో కూడా చేయి తడబడదు. అదే వరుసలో, కొత్త పేన్ ప్రస్తుత పేన్ ఉన్న డైరెక్టరీలోనే తెరుచుకునేలా పేన్-కరెంట్-పాత్ విలువను కూడా చేర్చండి. లేకపోతే కొత్త పేన్ సెషన్ మొదలైన డైరెక్టరీలో తెరుచుకుంటుంది, ప్రతిసారీ సీడీ (డైరెక్టరీ మార్చే ఆదేశం) కొట్టుకుంటూ రావాలి. నా దృష్టిలో టీమక్స్ కాన్ఫిగరేషన్ మొత్తంలో అత్యధిక ఫలితం ఇచ్చే వరుస ఇదే.

అయితే హైఫన్ మీట ఖాళీగా లేదు. దానికి ఇదివరకే ఒక పని ఉంది: చివరగా కాపీ చేసిన బఫర్‌ను తొలగించడం. అది పెద్ద నష్టం కాదు. వీఐ ఎడిటర్ అలవాటు ఉన్నవారు పేన్ల మధ్య తిరగడానికి హెచ్, జె, కె, ఎల్ కట్టుకున్నప్పుడు మాత్రం నష్టం తెలుస్తుంది, ఎందుకంటే మూల ఏర్పాటులో ప్రిఫిక్స్ తర్వాత ఎల్ నొక్కితే అంతకుముందు ఉన్న విండోకు తిరిగి వెళ్లవచ్చు. రెండు విండోల మధ్య అటూ ఇటూ దూకుతూ పనిచేసేవారికి అది ఎంతో విలువైన మీట. దాన్ని పోగొట్టుకునేవారు ముందుగా మరో మీటకు ఆ పని అప్పగించాలి. ఇంకొందరు ప్రిఫిక్స్ కూడా అక్కర్లేకుండా కంట్రోల్-హెచ్ నుంచి కంట్రోల్-ఎల్ దాకా నేరుగా కట్టేసుకుంటారు. అప్పుడు షెల్‌లో తెర తుడిచే కంట్రోల్-ఎల్ పోతుంది. ప్రిఫిక్స్ లేని మీటలు టీమక్స్‌లో నడిచే ప్రతి ప్రోగ్రాం నుంచీ ఆ మీటను లాక్కుంటాయి. నేను అలా ఇచ్చినది ఒక్క ఎఫ్12కు మాత్రమే, దాని సంగతి తర్వాత చెబుతాను. పేన్ పరిమాణం మార్చే మీటలకు మాత్రం మళ్లీ మళ్లీ నొక్కే సౌకర్యాన్ని, అంటే బైండ్ ఆదేశంలోని ఆర్ ఆప్షన్‌ను తప్పక వాడండి. ఒకసారి ప్రిఫిక్స్ నొక్కాక అర సెకను లోపు అదే మీటను వరుసగా నొక్కుతూ పోవచ్చు.

ఫైలు మార్చినవారికి ఒక హెచ్చరిక. టీమక్స్ తన ఫైలును సర్వర్ మొదలైనప్పుడే చదువుతుంది. తర్వాత చేసిన మార్పులు సోర్స్-ఫైల్ ఆదేశం ఇస్తేనే అమలవుతాయి, అందుకే చాలామంది ఆ ఆదేశాన్ని ఆర్ మీటకు కట్టుకుంటారు. కానీ ఫైలు మళ్లీ చదివించడం అంటే పాతది తుడిచి కొత్తగా మొదలుపెట్టడం కాదు. ఒక మీటను కట్టిన వరుసను ఫైల్లోంచి కొట్టేసి మళ్లీ చదివించినా ఆ మీట అలాగే పనిచేస్తూ ఉంటుంది. అన్‌బైండ్ చెప్పాలి, లేదా సర్వర్‌ను పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. నా దగ్గర పని నేర్చుకోవడానికి కావలి నుంచి వచ్చే ఒక కుర్రవాడు, "అన్నా, ఫైల్లో ఆ లైనే లేదు, అయినా మీట పనిచేస్తా ఉంది," అని ఆశ్చర్యపోయాడు. డాక్యుమెంటేషన్‌లో ఇది ఇంకా ముందు, ఇంకా స్పష్టంగా చెప్పి ఉండాల్సింది.

తెలుగులో టైపు చేసేవారికి ఎదురయ్యే మరో ఇబ్బంది ఉంది, దానికి టీమక్స్‌లో చక్కని పరిష్కారం కూడా ఉంది. రైతుల కోసం తెలుగులో హెచ్చరిక సందేశాలు రాస్తూ మధ్యలో కొత్త విండో కావాలనుకుంటే, తెలుగు టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్ ఆన్‌లోనే ఉంటుంది. కంట్రోల్‌తో కలిపిన ప్రిఫిక్స్ నా ల్యాప్‌టాప్‌లో సరిగానే వెళ్తుంది, కానీ తర్వాత నొక్కిన సి మీట టీమక్స్‌కు మ అక్షరంగా చేరుతుంది. దానికి ఏ పనీ అప్పగించలేదు కనుక ఏమీ జరగదు. ఇంగ్లిషుకు మారి, నొక్కి, మళ్లీ తెలుగుకు రావాలి. టీమక్స్ యూనికోడ్ అక్షరాలను కూడా మీటలుగా అంగీకరిస్తుంది కాబట్టి మకు కొత్త విండోను, ఎన్ మీట స్థానంలో వచ్చే లకు తర్వాతి విండోను, పి స్థానంలో వచ్చే జకు ముందటి విండోను కట్టుకున్నాను. ఇప్పుడు భాష ఏదైనా వేలు వెళ్లే చోటు ఒకటే. హల్లులకే ఈ పద్ధతి పెట్టుకోండి. డి మీట మీద ఉండే పొల్లు ఒంటరిగా నిలిచే అక్షరం కాదు, దాన్ని నేను వదిలేశాను. ఇది మూల మీటలను చెరపదు, వాటి పక్కన మరికొన్నింటిని చేరుస్తుంది, అందుకే మీటలను మితంగా మార్చాలనే నా మాటకు ఇది విరుద్ధం కాదు.

మిగిలిన చిన్న సర్దుబాట్లు త్వరగా చెప్పేస్తాను. విండోల సంఖ్య సున్నా నుంచి మొదలవుతుంది, కీబోర్డులో సున్నా కుడి చివర ఉంటుంది. బేస్-ఇండెక్స్‌ను 1 చేయండి. ప్రతి పేన్ గుర్తుంచుకునే పాత వరుసలు 2000 మాత్రమే, లాగులు చదివేవారికి అవి చాలవు. నేను 50000 పెట్టుకున్నాను. ఎస్కేప్ మీట తర్వాత మరేదైనా వస్తుందా అని టీమక్స్ వేచి చూసే వ్యవధి, ఎస్కేప్-టైమ్, చాలాకాలం 500 మిల్లీసెకన్లుగా ఉండేది, వీఐలో ఎస్కేప్ నొక్కిన ప్రతిసారీ అర సెకను ఆగినట్టు అనిపించేది, 3.5లో దాన్ని 10కి తగ్గించారు, అంతకంటే పాతది వాడేవారు తామే తగ్గించుకోవాలి. మౌస్ ఆన్ చేసుకోవడంలో తప్పులేదు, కానీ అప్పుడు టెర్మినల్ తన సొంత పద్ధతిలో అక్షరాలను ఎంచుకోవాలంటే షిఫ్ట్ పట్టుకోవాలి.

కాపీ గురించి ఒక మాట. పాత వరుసల్లోంచి ఒక ముక్కను ఎంచుకునే కాపీ మోడ్‌కు విడి మీటల పట్టికలు ఉన్నాయి, ఈమాక్స్ ఎడిటర్ పద్ధతిలో ఒకటి, వీఐ పద్ధతిలో ఒకటి. వీఐ పద్ధతి ఎంచుకుని, వి నొక్కితే ఎంపిక మొదలయ్యేలా, వై నొక్కితే కాపీ అయ్యేలా కట్టుకుంటే ఎడిటర్‌లోనూ టీమక్స్‌లోనూ ఒకటే అలవాటు సరిపోతుంది. సెట్-క్లిప్‌బోర్డ్ ఆన్‌లో ఉండి, మన టెర్మినల్ అనుమతిస్తే, ముంబై సర్వర్‌లో కాపీ చేసినది నెల్లూరులో నా ల్యాప్‌టాప్ క్లిప్‌బోర్డులోకి వచ్చేస్తుంది. దీని కోసం అదనపు ప్రోగ్రాం ఏదీ అక్కర్లేదు.

రూపం దగ్గరికి వస్తే టీమక్స్ నిజంగా ఉదారమైనది. అడుగున ఉండే స్టేటస్ బార్‌ను పైకి తీసుకుపోవచ్చు, 2.9 నుంచి దాన్ని ఐదు వరుసల దాకా పెంచుకోవచ్చు. ఎడమ వైపు ఏముండాలో, కుడి వైపు ఏముండాలో, మధ్యలో విండోల పేర్లు ఎలా కనిపించాలో, ప్రస్తుత విండో ఏ రంగులో ఉండాలో, ప్రతిదీ విడివిడిగా చెప్పవచ్చు. రంగులను పేర్లతోనూ, 256 రంగుల పట్టికలోని అంకెలతోనూ, వెబ్ పేజీల్లో రాసినట్టు ఆరు స్థానాల సంకేతంతోనూ ఇవ్వవచ్చు. చాలామంది ఈ స్వేచ్ఛను అలంకారానికే ఖర్చు చేస్తారు: బ్యాటరీ శాతం, వాతావరణం, వినిపిస్తున్న పాట పేరు. నాకు అందులో ఆసక్తి లేదు. రంగు మనల్ని ప్రమాదం నుంచి కాపాడాలి.

అందుకే మా సర్వర్లలో అసలు రైతుల రీడింగులు ఉన్న ప్రొడక్షన్ సర్వర్ పట్టీ ముదురు ఎరుపు, పరీక్షల సర్వర్ పట్టీ నీలం, నా ల్యాప్‌టాప్ పట్టీ బూడిద రంగు. తెల్లవారుజామున మూడింటికి నిద్ర కళ్లతో ఏదైనా డిలీట్ ఆదేశం రాసేటప్పుడు హోస్ట్ పేరు (ఆ యంత్రం పేరు) చదివే ఓపిక ఎవరికీ ఉండదు, ఎరుపు మాత్రం కంటి చివరనైనా తగులుతుంది. ప్రతి సర్వర్లో ఫైలు ఒకటే; హోస్ట్ పేరును బట్టి రంగు ఎంచుకునే షరతు అందులోనే రాసి ఉంది. టీమక్స్ వాడే ప్రతి బృందమూ మిగతా ఏదీ మార్చుకోకపోయినా ఈ ఒక్క పని చేయాలని నేను గట్టిగా కోరుతున్నాను.

రెండోది ప్రిఫిక్స్ సూచన. ప్రిఫిక్స్ నొక్కామా లేదా అన్నది టీమక్స్ తనంతట తాను చూపించదు. వేగం తక్కువైన లైనులో ఇది పెద్ద లోపం. క్లయింట్-ప్రిఫిక్స్ అనే విలువతో ఒక షరతు రాసి, నొక్కగానే పట్టీ ఎడమ చివర పసుపు రంగు గుర్తు వెలిగేలా పెట్టుకుంటే ఆ సందేహం ఉండదు. మూడోది పేన్ల సంగతి. మనమున్న పేన్ చుట్టూ గీత రంగు మార్చడం సరిపోదు, ఎందుకంటే రెండు పేన్లు ఉన్నప్పుడు మధ్యలో ఉండే ఒకే గీత ఎవరిదో చెప్పడం కష్టం. నేను విండో-స్టైల్‌తో మిగతా పేన్ల నేపథ్యాన్ని కొంచెం బూడిదగా, విండో-యాక్టివ్-స్టైల్‌తో ఉన్న పేన్‌ను పూర్తి నలుపుగా ఉంచాను. పేన్-బోర్డర్-స్టేటస్‌ను పైన పెట్టి, ప్రతి పేన్ నెత్తిన అక్కడ నడుస్తున్న ఆదేశం పేరు కనిపించేలా చేశాను. 3.2 నుంచి ఈ గీతలను లావుగానో, జంటగానో కూడా వేయించుకోవచ్చు.

స్టేటస్ బార్ కుడి వైపు నేను పెట్టుకున్నది ఒకే ఒక్క విశేషం: అన్ని చెరువుల్లోనూ ఆ సమయానికి అతి తక్కువగా ఉన్న ఆక్సిజన్ రీడింగు. టీమక్స్ ఒక షెల్ ఆదేశాన్ని నడిపి దాని ఫలితాన్ని పట్టీలో చూపగలదు, ఆ ఫలితంలో రంగు సంకేతం ఉంటే దాన్నీ పాటిస్తుంది; అందువల్ల మేము పెట్టుకున్న హద్దు కంటే తగ్గగానే అంకె వెలుగుతుంది. అయితే పట్టీ మామూలుగా ప్రతి 15 సెకన్లకు ఒకసారి తాజా అవుతుంది, అంటే ఆ ఆదేశం కూడా అన్నిసార్లు నడుస్తుంది. డేటాబేస్‌ను నేరుగా అడిగే ఆదేశాన్ని అక్కడ పెట్టవద్దు. వేరే ప్రోగ్రాం రాసి ఉంచిన చిన్న ఫైలులోంచి ఒక వరుస చదివితే చాలు.

పట్టీలో తెలుగు రాయాలన్న కోరిక ఎవరికైనా కలుగుతుంది, నాకూ కలిగింది. ఇక్కడ మాత్రం ఫలితం నిరాశే. టెర్మినల్ ప్రతి అక్షరానికీ సమాన వెడల్పున్న గడులను కేటాయిస్తుంది. మన గుణింతాలు, ఒత్తులు ఆ గడుల్లో ఇమడవు, ఒకదాని మీద ఒకటి పడతాయి, పట్టీ కుడి అంచు పక్కకు జరిగిపోతుంది. తప్పు ప్రధానంగా టెర్మినల్ ప్రోగ్రాములది, ఫాంట్లది. టీమక్స్ ఒక్కటే బాగుపడితే తీరేది కాదు. సిస్టం లొకేల్‌ను, అంటే భాష, ప్రాంతం సెట్టింగును, తెలుగుగా పెట్టుకున్నవారికి ఈ ఇబ్బంది అడగకుండానే వస్తుంది, ఎందుకంటే మూల పట్టీలో తేదీ నెల పేరుతో ఉంటుంది, ఆ పేరు తెలుగులో వస్తుంది. తేదీని అంకెల్లోనే చూపించమని రాసుకుంటే గొడవ ఉండదు. మన భాష ఇంకా టెర్మినల్‌లో ఇలా ముక్కలై కనిపించడం నాకు బాధగానే ఉంది.

టీమక్స్ మీద నా ప్రధానమైన ఫిర్యాదు వెర్షన్ల గురించి. పాత పద్ధతులను మార్చడానికి దీని రచయితలు పెద్దగా వెనుకాడరు. మౌస్‌కు ఒకప్పుడు నాలుగు ఆప్షన్లు ఉండేవి, 2.1లో వాటిని ఒక్కటి చేశారు. కాపీ మోడ్ మీటలు రాసే తీరు 2.4లో మారిపోయింది. రంగులకు వాడే పాత ఆప్షన్లను 2.9లో పూర్తిగా తీసేశారు. ప్రతి మార్పూ వాడకాన్ని మెరుగుపరచిందే, కాదనను. కానీ సెంట్ఓఎస్ 7లో 1.8, ఉబుంటు 22.04లో 3.2, డెబియన్ 12లో 3.3 ఉన్నప్పుడు, ఒకే ఫైలు అన్నిచోట్లా పనిచేస్తుందని ఎలా అనుకోగలం? ఎక్కడినుంచో దించుకున్న ఫైలు చెల్లని ఆప్షన్ అంటూ మొరాయిస్తే, ముందు టీమక్స్ వెర్షన్ చూడండి, తర్వాతే మీ టైపింగును అనుమానించండి. మీటలను మితంగా మార్చమన్న నా సలహాకు ఇది మరో ఆధారం: ఫైలు ఎంత చిన్నదైతే అన్ని సర్వర్లలో అంత నిశ్చింతగా నడుస్తుంది.

ప్లగిన్ల గురించి ఎక్కువ చెప్పను. టీపీఎం అనే ప్లగిన్ మేనేజర్ ద్వారా సిద్ధంగా ఉన్న అలంకారాలను దించుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో సరే, రైతుల లెక్కలున్న సర్వర్లో అపరిచితులు రాసిన స్క్రిప్టులను నేను నడపను. రిజరెక్ట్ అనే ఒక్క ప్లగిన్ మాత్రం నిజమైన లోటును తీరుస్తుంది. కనెక్షన్ తెగినా టీమక్స్ సెషన్ బతుకుతుంది, కానీ యంత్రమే రీబూట్ అయితే అంతా పోతుంది. రిజరెక్ట్ విండోలను, పేన్లను, వాటి డైరెక్టరీలను ఫైల్లో దాచి తిరిగి నిలబెడుతుంది. నడుస్తున్న ప్రోగ్రాంను ఉన్న స్థితిలో కాపాడడం దానివల్ల కాదు, ఆ ఆశ పెట్టుకోకూడదు. యూపీఎస్ లేని ఇంటి కంప్యూటర్‌కు ఇది తప్పనిసరి అంటాను.

ముందు వాయిదా వేసిన ఎఫ్12 సంగతి ఇదీ. ల్యాప్‌టాప్ టీమక్స్ లోపల సర్వర్ టీమక్స్ తెరిచి అక్కడే గంటల తరబడి పనిచేయవలసి వచ్చినప్పుడు, బయటి టీమక్స్ ఏ మీటనూ పట్టుకోకుండా పక్కకు తప్పుకోవాలి. ఎఫ్12 నొక్కగానే బయటి ప్రిఫిక్స్‌ను తీసేసి, ఎఫ్12 ఒక్కటే ఉన్న ఖాళీ మీటల పట్టికకు మార్చి, పట్టీని వెలిసిన రంగులోకి తెచ్చే ఆదేశాలను కట్టాను. మళ్లీ ఎఫ్12 నొక్కితే అన్నీ యథాస్థానానికి వస్తాయి. సొంత పట్టికలు సృష్టించుకునే వీలు 2.1 నుంచి ఉండబట్టే ఇది సాధ్యమైంది. మీటా రంగూ కలిసి పనిచేసే ఈ ఏర్పాటును చూశాక టీమక్స్ నిర్మాణం మీద నా గౌరవం పెరిగింది. స్క్రీన్‌లో దీనికి సమానమైనది ఇంత శుభ్రంగా చేయడం నాకు సాధ్యం కాలేదు.

ప్రత్యామ్నాయాల్లో స్క్రీన్ ఇప్పటికీ నమ్మకమైనదే, కానీ రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 నుంచి దాన్ని మూల ప్యాకేజీల్లోంచి తీసేశారు. కొత్తగా నేర్చుకునేవారు దాని మీద సమయం పెట్టనక్కర్లేదు. 2021లో బయటికి వచ్చిన జెలిజ్ మాత్రం గట్టి పోటీ. రస్ట్ భాషలో రాసిన ఈ సాధనం ఆ క్షణంలో ఏ మీట ఏం చేస్తుందో తెర అడుగునే చూపిస్తుంది. టీమక్స్ కొత్తవారిని ఎక్కడ కష్టపెడుతుందో సరిగ్గా అక్కడే చేయి అందిస్తుంది. ఒంగోలు, కావలి ఇంజనీరింగ్ విద్యార్థులు తమ సొంత కంప్యూటర్‌లో తెరను విడదీసుకుని పనిచేయడానికి దానితో మొదలుపెడితే నేను వద్దనను. సర్వర్ల మీద పని మొదలైన రోజున మాత్రం టీమక్స్‌కు రాక తప్పదు, ఎందుకంటే మనం అడుగుపెట్టే పాత యంత్రాల్లో చాలావాటిలో అది ఇదివరకే ఉంటుంది, లేకపోతే ఒక్క ఆదేశంతో వస్తుంది. అప్పుడు ముందుగా మూల మీటలతో కొన్నాళ్లు పనిచేసి, ఏ మీట దగ్గర చేయి నిజంగా ఇబ్బంది పడుతుందో చూసుకుని, దాన్ని మాత్రమే మార్చుకోండి. ప్రొడక్షన్ సర్వర్ పట్టీకి ఎరుపు రంగు వేయడానికి మాత్రం అన్నాళ్లు ఆగవద్దు, అది మొదటి రోజే చేయండి.